గంగవ్వ పాడిన మూడో చరణం

కిందటి వారం కథ ఆగినప్పుడు కస్తూరమ్మ వంటింటి గడప మీద, చాయ్ కప్పుల పళ్లెం పట్టుకొని నిలబడి ఉంది. ముందుగదిలో గ్రామఫోను తిరుగుతోంది. అది ఆమె భర్త రాజేందర్ ఇంట్లో నెలకోసారి, ఆదివారం మధ్యాహ్నం జరిగే పాటల బైఠక్. తలా ఒక గ్రామఫోను ప్లేటు తెచ్చుకొని వినిపించడం, దాన్ని ఎందుకు కొనాలో మిగతావాళ్లకు చెప్పి ఒప్పించడం వాళ్ల సరదా. తాండూరులో ఆ సరదా ఉన్నవాళ్లు నలుగురైదుగురి కంటే ఎక్కువ లేరు. ఈసారి వికారాబాద్ బడిపంతులు సుధాకర్ తెచ్చిన ప్లేటు మీద ముల్లు ఆనిందో లేదో, కస్తూరమ్మ గడప మీదే ఆగిపోయింది. ఆ పాట ఆమె తల్లి సత్యమ్మ విసుర్రాయి తిప్పుతూ కట్టుకున్నది. వాళ్ల ఇంటి గడప దాటి ఎన్నడూ పోనిది. ఇక ఆ గొంతు చెల్లెలు పుష్పమ్మది. పుష్పమ్మ చచ్చిపోయిందని ఇంటిల్లిపాదీ ఏడ్చి పదకొండేళ్లయింది.

*జొన్నచేను గట్టు మీద జోడు పిట్టలు,*
*ఒకటి ఎగిరిపోతె ఒకటి ఊరుకోదమ్మా...*

'కాదు, ఇంకెవరో' అనుకోవాలని కస్తూరమ్మ ఎంత ప్రయత్నించిందో! గొంతు ముదిరింది. మాట చివర ఎక్కడో కన్నడపు సాగతీత కూడా వినిపిస్తోంది. కానీ 'ఊరుకోదమ్మా' అనే చోట గొంతు చటుక్కున విరిగి మళ్లీ అతుక్కుంది. చిన్నప్పుడు ఆ విరుపు వచ్చినప్పుడల్లా తల్లి పుష్ప నెత్తి మీద వేలితో పొడిచి, "పలిగిన కుండ లెక్క పాడకే" అనేది. పుష్ప నవ్వి, కావాలనే ఇంకోసారి విరిచేది.

*పెద్దపిట్ట గింజ తెచ్చె కొంగు చాటున,*
*చిన్నపిట్ట అలిగి కూసె గూటి చాటున...*

రెండు చరణాలే. సత్యమ్మ కట్టింది అంతే. మూడోది కట్టమని పిల్లలు మారాం చేస్తే, "మీ పెండ్లిల్లయినంక కడత తియ్యుండ్రి" అనేది. కట్టకుండానే పోయింది. పాట అయిపోయిందనుకొని కస్తూరమ్మ ఊపిరి వదిలింది. అయిపోలేదు. తంబూరా శ్రుతి ఒకటి అలా సాగి, గొంతు మళ్లీ లేచింది.

*మామ చెయ్యి విడిచెనమ్మా పాడుబావిల,*
*రావివేరు పట్టెనమ్మా మునగనియ్యక...*

కస్తూరమ్మ పళ్లేన్ని కింద పెట్టి, కొంగుతో నోరు అదిమి పట్టుకుంది. అప్పుడు తలుపు సందులోంచి ముందుగదిలోకి చూసింది.

పడక కుర్చీలో మేనమామ బాల్‌రాజ్ కూర్చున్నాడు. తల్లికి ఒక్కడే తమ్ముడు. ధారూర్ దగ్గరి ఊరికి పటేలు. తండ్రి లేని ఆడపిల్లలను సాకినవాడు. కస్తూరమ్మకు సంబంధం వెతికి, దగ్గరుండి పెళ్లి చేసినవాడు. పాటంటే చెవి కోసుకునే మనిషి కాడు గాని, మేనకోడలి చేతి చాయ్ కోసం నెలకోసారి జీపు వేసుకొని వచ్చి కూర్చుంటాడు. రజాకార్ల రోజుల్లో, ఊళ్లకు ఊళ్లు ఖాళీ అవుతున్నప్పుడు, పుష్పమ్మను నిజాం రాజ్యం సరిహద్దు దాటించడానికి తీసుకుపోయింది ఈ మేనమామే. కస్తూరమ్మకు అప్పుడు ఒళ్లెరుగని జ్వరం. అందుకే తల్లీ తానూ ఇంట్లో ఉండిపోయారు. పది రోజులకు మామ ఒక్కడే తిరిగొచ్చాడు. "తొవ్వల కలరా తగిలింది అక్కా. కాగ్నా ఒడ్డున నా చేతులతోనే కట్టెలు పేర్చిన" అని సత్యమ్మ కాళ్ల దగ్గర కూలబడి ఏడ్చాడు. ఆ ఏడుపు చూసి ఊరు ఊరంతా ఏడ్చింది.

ఆ మామ ఇప్పుడు తమలపాకుకు సున్నం రాస్తూ రాస్తూ ఆగిపోయి ఉన్నాడు. వేలు ఆకు మీదే ఉంది. కళ్లు మాత్రం తిరుగుతున్న ప్లేటు మీద లేవు. ఆ కళ్లు వంటింటి తలుపును చూస్తున్నాయి.

కస్తూరమ్మ చప్పున వెనక్కి తప్పుకుంది.

ప్లేటు ఆగింది. ముందుగదిలో కుర్చీలు కిర్రుమన్నాయి.

"ఇదీ నేను తెచ్చింది" అన్నాడు సుధాకర్ గర్వంగా. "కొత్త ప్లేట్లు ఎన్నన్న రానీ రాజన్నా, ఇది విన్నంక ఇంకోటి చెవికెక్కదు. గంగవ్వ అని పేరు. సేడం మనిషట."

కందుల వ్యాపారి దశరథం సేటుకు నాదస్వరం తప్ప మరేదీ సంగీతం కాదు. ఆ పూట కూడా ఎన్నో ఏళ్ల కిందటి నాదస్వరం ప్లేటు మళ్లీ అచ్చయి వస్తే పట్టుకొచ్చి, "ఇది కొనకుంటె మీ చెవులకు పాపం తగుల్తది" అని అందరినీ బెదిరించాడు. ఆయన పెదవి విరిచాడు.

"గిదేం పాటయ్యా! మా ఇంటెనుక ఆడోళ్లు నాట్లేసుకుంట గింతకన్న మంచిగ పాడ్తరు. దీనికి పైసలు పెట్టాల్నా?"

"ఆ మాట అందరూ అన్నరు సేటూ. అందుకే అప్పుడు ఎవ్వరు కొనలేదు. ఆ కంపిని మూతపడ్డది. ఇప్పుడు ఇంకో కంపినోళ్లు ఆ అచ్చులు కొని మళ్ల తీసిన్రు. హైద్రాబాద్‌ల మూలకు పడి ఉన్న రెండు ప్లేట్లల్ల ఒకటి నేను తెచ్చిన."

"పాతది" అన్నాడు బాల్‌రాజ్. పాటల మీద ఎన్నడూ నోరు విప్పని మనిషి మాట్లాడేసరికి అందరూ అటు తిరిగారు. "మస్తు పాతది. పోలీసు చర్య కంటె ముందుటిది అయ్యుంటది. పాడినామె ఎప్పుడో సచ్చిపొయ్యుంటది."

"లేదు పటేలా. మొదటిసారి వచ్చింది యాభై ఐదుల. నాకు బాగ ఎరుక."

"నీకేమెరుక? పాతదంటే పాతదే." ఆ గొంతులోని గట్టిదనానికి సుధాకర్ నొచ్చుకొని ఊరుకున్నాడు. రాజేందర్ మాట మార్చడానికి తన ప్లేటు బయటికి తీశాడు. అదేదో కొత్త సినిమా పాట. పిల్లనగ్రోవి ఒక్కటి విన్నా పెట్టిన పైసలు దక్కినట్టేనని చెప్పుకొస్తున్నాడు.

పిల్లనగ్రోవి మొదలైంది. బాల్‌రాజ్ కుర్చీలోంచి లేచాడు. "మంచినీళ్లు తాగొస్త" అని వంటింటి వైపు నడిచాడు.

పొయ్యి దగ్గర కస్తూరమ్మ వీపు తిప్పి నిలబడింది. చెప్పులు లేని పాదాల చప్పుడు నాపరాళ్ల మీద మెత్తగా దగ్గరికొచ్చింది. ఆ పాదాల చప్పుడు ఆమెకు చిన్నప్పటి నుంచీ తెలుసు. చీకట్లో దాన్ని వింటే ధైర్యంగా ఉండేది. ఇవాళ మాత్రం వెన్ను మీద ఎవరో తడిబట్ట పరిచినట్లయింది.

"నీళ్లియ్యి బిడ్డా."

కుండలోంచి ముంచి ఇచ్చింది. చెంబు అందుకున్నాడు గాని తాగలేదు.

"చాయ్ చల్లారిపాయె. బయటికి తేలేదేంది?"

"తెస్తున్న మామా."

"పాట విన్నవా?"

ఆయన చెంబును గట్టు మీద పెట్టి ఒక అడుగు దగ్గరికొచ్చాడు. గొంతులో కోపం లేదు. పసిపిల్లకు బువ్వ తినిపించేటప్పుడు ఎలా ఉంటుందో అలా ఉంది.

"ఏం వినలేదు నువ్వు. ఇసొంటి పాటలు ఊరికి నూరుంటయ్. జొన్నచేను, పిట్టలు... ఎవ్వలన్న కట్టుకుంటరు. రందివెట్టుకోకు."

"అది మా అమ్మ పాట."

"అక్క ఎక్కడనో విని ఉంటది."

"అమ్మ కట్టింది మామా. నా ముందటనే కట్టింది. ఆ గొంతు పుష్పది." కస్తూరమ్మ ఆగలేదు. "నువ్వు కలరా అన్నవ్. కాగ్నా ఒడ్డున దహనం చేసిన అన్నవ్. బావి సంగతి ఎప్పుడు చెప్పలేదు."

ముందుగదిలో పిల్లనగ్రోవి పైస్థాయికి ఎక్కుతోంది. ఎవరో "వాహ్" అన్నారు. ఒక్కసారిగా పదేళ్లు పైబడ్డట్టు బాల్‌రాజ్ భుజాలు కిందికి జారాయి. కస్తూరమ్మకు జాలి వేసింది. తన పెళ్లినాడు పందిట్లో కన్నీళ్లు తుడుచుకున్న మనిషి ఈయనే కదా అనిపించింది.

"చెప్తె మీ అమ్మ బతుకునా?" అన్నాడు చిన్నగా. "బంట్వారం తొవ్వల చీకటి పడ్డది. ఎనకనించి గుర్రాల సప్పుడు. తొవ్వ మీది కంకర దడదడ అంటున్నది. దాసుకునేటందుకు ఇంకేం లేదు, పాడుబడ్డ బావి తప్ప. నేను పైమెట్టు మీద, అది కింద, చెయ్యి పట్టుకున్న. అది వణుకుతున్నది, ఏడుస్తున్నది. వాళ్లు బావి ఒడ్డు మీదికే వచ్చిన్రు బిడ్డా. ఒక్క చిన్న సప్పుడైతె ఇద్దరి తలలు లేస్తుండె. అప్పుడు... చెయ్యి జారింది."

కస్తూరమ్మకు ఆ రాత్రి కళ్లకు కట్టింది. నాచు పట్టిన మెట్లు, గుర్రాల సకిలింపు, కింద నల్లటి నీళ్లు. ఆ భయం ఎలాంటిదో ఆమెకూ తెలుసు. ఆ రోజుల్లో ఇంట్లో దీపం పెట్టకుండా, దగ్గు వస్తే దుప్పటి నోట్లో కుక్కుకొని పడుకున్నది ఆమె కూడా. ఒక్క క్షణం మామను నమ్మాలనిపించింది. నమ్మితే అన్నీ సర్దుకుంటాయి. చాయ్ వేడి చేసి బయటికి తీసుకుపోవచ్చు.

కానీ పాట చెవిలోంచి పోలేదు.

"జారిందా మామా, విడిచినవా?"

ఆయన తలెత్తాడు.

"జారితె తెల్లారి వెతుకుతుంటివి" అంది కస్తూరమ్మ. తనకే తెలియకుండా గొంతు గట్టిపడింది. "ఊరోళ్లను పిలిచి నీళ్లు తోడిపిస్తుంటివి. కలరా అని ఎందుకు చెప్పినవ్? కట్టెలు పేర్చిన అని ఎందుకు చెప్పినవ్? పొయ్యేముందుటి రాత్రి పుష్ప నా మంచం కాడికి వచ్చింది. 'అక్కా, మామను చేసుకోనని మామకే చెప్పిన' అన్నది. నేను జ్వరంల ఉండి, సరే పండుకో అన్న. అదే ఆఖరి మాట మాకు."

బాల్‌రాజ్ మొహంలో జాలి పుట్టించిన ఆ ముసలితనం ఎటు పోయిందో పోయింది. ఆయన నవ్వాడు. కస్తూరమ్మ బతుకంతా చూసిన నవ్వే అది. అందులో ఇన్నాళ్లూ చల్లదనమే చూసింది.

"పదకొండేండ్లు తోలుబొమ్మలాటోళ్ల ఎంట, తమాషాగాళ్ల ఎంట తిరిగిందో, ఎక్కడ పండుకుందో ఎవలకెరుక? ఆమెను తెచ్చి ఇంట్ల పెడ్తవా? నీ అత్తగారింటోళ్లు ఏమంటరు? నీ పిల్లలను ఎవలన్న గడప తొక్కనిస్తరా?" మరో అడుగు వేశాడు. ఇప్పుడు ఆయన ఊపిరి ఆమె చెంపకు తగులుతోంది. తమలపాకు వాసన. "సచ్చినోళ్లను సచ్చినట్టే ఉండనియ్యాలె. నువ్వు నోరు తెరిస్తె నేను ఏం గాను. పటేలును. నాకు ఇరవై ఊళ్ల మనుషులున్నరు. కని గా బావి..." ఆమె నెత్తి మీద చెయ్యి వేశాడు. ప్రతి పండక్కీ దీవించినట్టే వేశాడు. "గా బావి ఇంక అక్కడనే ఉన్నది బిడ్డా."

కస్తూరమ్మ కదల్లేకపోయింది.

సరిగ్గా అప్పుడే పిల్లనగ్రోవి ఆగింది. ఆ నిశ్శబ్దంలో సుధాకర్ మాటలు గోడ అవతలి నుంచి వంటింట్లోకి స్పష్టంగా వచ్చాయి.

"పటేలు పాతదన్నడని మీరు గూడ అనుకుంటున్నరా? నేను ఆమెను కండ్లార చూసిన రాజన్నా. ఆ గంగవ్వ ఇప్పుడు వికారాబాద్‌లనే ఉన్నది. రొమ్ము బాగలేదు, క్షయ. గుట్ట మీది దవాఖానకు పొయ్యొస్తుంటది. స్టేషను బజారెనుక బీరమ్మ అనే ఆమె ఇంట్ల కిరాయికుంటది. పోయి కలిసిన. మీ పాట మంచిగున్నదమ్మా అన్న. ఏడ్చింది. 'ఈ పాట ఇంకొక్కరికే వస్తది సారూ. ఆమె విననీకే పాడిన. తాండూరు దిక్కు పోను నాకు భయం. నువ్వు పోతె వినిపించు' అన్నది. అందుకే తెచ్చిన."

నెత్తి మీద చెయ్యి ఒక్కసారి బిగుసుకుంది. తర్వాత మెల్లగా లేచింది. కస్తూరమ్మ, మేనమామ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇద్దరూ ఒకే మాట విన్నారు. ఇద్దరికీ ఒకే చిరునామా తెలిసింది.

"చాయ్ వేడి చేసి తే" అన్నాడు బాల్‌రాజ్. గిరుక్కున తిరిగి ముందుగదిలోకి వెళ్లాడు.

కస్తూరమ్మ తలుపు దగ్గరికి పరుగెత్తింది. మామ నవ్వుతూ సుధాకర్ దగ్గరికి పోయాడు. "ఏదీ, నీ గంగవ్వ పేరు ఎక్కడ రాసున్నదో చూపియ్యి" అని ప్లేటు చేతిలోకి తీసుకున్నాడు. వెలుతురు కోసమన్నట్టు కిటికీ దాకా నడిచాడు. మరుక్షణం నాపరాళ్ల మీద ప్లేటు భళ్లుమంది. నల్లటి పెంకులు గదంతా చెదిరాయి.

"అరెరే!" సుధాకర్ కింద కూర్చుండిపోయాడు.

"చెయ్యి జారింది" అన్నాడు బాల్‌రాజ్. "ఏమనుకోకు పంతులూ. ముసలి చేతులు."

ఆ మాట కస్తూరమ్మ ఇంతకుముందే విన్నది. అదే గొంతు, అదే నెమ్మది.

బాల్‌రాజ్ వాకిట్లోకి పోయాడు. వీధిలో నీడన జీపు ఆపుకొని డ్రైవరు అంజిలయ్య కునుకు తీస్తున్నాడు. రెండేళ్ల కిందట కొలువులో చేరిన మనిషి. చెప్పింది చేయడమే గాని ఎందుకని అడగడు. మామ వంగి అతని చెవిలో ఏదో చెప్పాడు. అంజిలయ్య తలూపాడు. జీపు దుమ్ము లేపుకుంటూ బజారు దాటి పోయింది. మామ మాత్రం అందులో లేడు. తిరిగి లోపలికొచ్చి, తన కుర్చీలో నింపాదిగా కూర్చుని, సగంలో ఆపిన తమలపాకును మడిచి నోట్లో పెట్టుకున్నాడు.

జీపును ఎందుకు పంపాడు? తాను ఎందుకు ఉండిపోయాడు? కస్తూరమ్మకు అంతు పట్టలేదు. అంతు పట్టకపోవడం వల్ల భయం ఇంకా పెరిగింది. ఊరుకుంటే ఈ మధ్యాహ్నం ఇలాగే గడిచిపోతుందని, రేపటికి పుష్ప రెండోసారి చచ్చిపోతుందని మాత్రం అర్థమైంది.

ఆ ఇంట్లో ఆడవాళ్లు మగవాళ్ల బైఠక్‌లోకి రారు. చాయ్ గడప దాకానే వస్తుంది. కస్తూరమ్మ కొంగు భుజం చుట్టూ తిప్పుకొని గడప దాటింది. గది మధ్యకు, పగిలిన పెంకుల పక్కకు వచ్చి నిలబడింది. రాజేందర్ ఆశ్చర్యంగా లేవబోయాడు. ఆమె గొంతు సవరించుకుంది. తల్లి పోయినప్పటి నుంచి కూనిరాగం కూడా తీయని గొంతు అది.

జొన్నచేను గట్టు మీద జోడు పిట్టలు...

శ్రుతి కుదరలేదు. ఊపిరి చాలలేదు. అయినా పాడింది. మొదటి చరణం, రెండో చరణం. 'ఊరుకోదమ్మా' అనే చోట ఆమె గొంతు కూడా అచ్చం ప్లేటులో విరిగినట్టే విరిగింది. దశరథం సేటు చేతిలోని నశ్యం డబ్బీ మూత పెట్టడం మరిచిపోయాడు. సుధాకర్ నోరు తెరిచి చూస్తున్నాడు.

"వదినా... ఈ పాట మీకెట్ల..."

"మా అమ్మ కట్టింది. పాడింది గంగవ్వ కాదు. మా పుష్ప." భర్త వైపు తిరిగింది. "నా చెల్లె బతికి ఉన్నది. వికారాబాద్‌ల ఉన్నది. నన్ను ఇప్పుడే తీసుకపోండ్రి."

రాజేందర్ బాల్‌రాజ్ వైపు చూశాడు. ఏ పనైనా ఆయన మొహం చూడందే మొదలుపెట్టే అలవాటు రాజేందర్‌ది. పెళ్లయిన నాటి నుంచీ అంతే.

"మామా, కస్తూరి చెప్పేది... మీరే గద చెల్లె పోయిందని..."

మామ ఏమంటాడోనని కస్తూరమ్మ పిడికిళ్లు బిగించింది. అరుస్తాడనుకుంది. ఆమెకు మతి చెడిందంటాడనుకుంది. బాల్‌రాజ్ కళ్లు తుడుచుకున్నాడు.

"గంత జ్వరంల నేను గూడ సోయిల లేను బిడ్డా. ఎవలను కాలవెట్టిన్నో, ఎవలను ఇడిచొచ్చిన్నో... పుష్ప బతికుంటె నాకన్న సంబురపడేటోళ్లు ఎవరు? పోయి చూసుకోండ్రి. నేను ఈడనే ఉంటా. పిల్లలు ఆటకు పొయ్యొస్తె ఎవరో ఒకరు ఉండాలె గద."

వంటింట్లో బావి అన్న నోటితోనే ఇప్పుడు జ్వరం అంటున్నాడు. ఆ సులువైన ఒప్పుకోలు కస్తూరమ్మకు ఏ బెదిరింపు కన్నా భయంకరంగా తోచింది.

"పిల్లలు దశరథం సేటు ఇంట్ల ఉంటరు" అంది. సేటు ఆమె మొహంలోకి ఒకసారి చూశాడు. ఏమీ అడగలేదు. "నేను చూసుకుంట చెల్లెమ్మా. నువ్వు నడువు" అని తన నాదస్వరం ప్లేటు అక్కడే వదిలేసి చెప్పులేసుకున్నాడు.

సాయంత్రం ప్యాసింజరు కోసం తాండూరు స్టేషనులో ఎదురుచూసిన సేపు కస్తూరమ్మకు ఒక యుగమైంది. బండి వచ్చింది. సుధాకర్, రాజేందర్ ఎదురుగా కూర్చున్నారు. ఆమె కిటికీ ఊచలు పట్టుకొని, బావి సంగతి, చెయ్యి సంగతి, పెళ్లి వద్దన్న సంగతి వరుసగా చెప్పింది. రాజేందర్ తల వంచుకొని విన్నాడు. విని, "ఆయన నీ నెత్తి మీద చెయ్యి పెట్టి గా మాట అన్నడా?" అని మాత్రం అడిగాడు. అన్నాడంది. రాజేందర్ పైకండువాతో మొహం తుడుచుకున్నాడు.

"నాక్కూడ ఆయనంటె భయమే కస్తూరి. గౌరవం అనుకున్న ఇన్నొద్దులు."

ధారూర్ వచ్చింది. బండి ఆగింది. ప్లాట్‌ఫారం మీద మామ ఊరి మనుషులు ఇద్దరు ముగ్గురు గంపలతో ఎక్కారు. కస్తూరమ్మ కొంగు మొహం మీదికి లాక్కుంది. ఎవరూ ఆమెను పట్టించుకోలేదు. బండి కదిలింది. బయట కంది చేలు మసకబారుతున్నాయి. గుట్టల మీద ఎర్రటి వెలుగు కొంచెం కొంచెంగా దిగిపోతోంది. చెల్లెలు ఎదురైతే మొదట ఏమనాలో ఆలోచించింది. అమ్మ ఎలా పోయిందో చెప్పాలా? నీ పాట విన్నాననా? 'సరే పండుకో' అన్నందుకు క్షమించమనా? ఏ మాటా నోటికి సరిపోలేదు.

వికారాబాద్‌లో దిగేసరికి దీపాలు పెడుతున్నారు. సుధాకర్ ముందు నడిచాడు. స్టేషను బజారు, కట్టెల అడితి, దాని పక్క సందు. చివర పెంకుటిల్లు. గుమ్మంలో నడివయసు మనిషి బియ్యం చెరుగుతోంది. బీరమ్మ. సుధాకర్‌ను చూసి నవ్వింది.

"రాండ్రి సారూ. మీ పుణ్యమాని గంగవ్వ కత ఒడ్డెక్కింది. పిల్ల ఎంత ఏడ్చిందో, ఎంత నవ్విందో!"

కస్తూరమ్మ ముందుకొచ్చింది. "ఏది? లోపటున్నదా?"

"లోపటేడిది? పొయ్యి గంటయితున్నది. వాళ్ల అక్క తాండూర్ల పాట విన్నదంట. వినంగనే జీపు పంపింది. డ్రైవరు వచ్చి, 'మీ అక్క కస్తూరమ్మ జల్ది తీసుకరమ్మన్నది' అన్నడు. ఆ పేరు ఇంటే సాలు, పిల్ల చెప్పులు గూడ తొడుక్కోలే. ఉరికి ఎక్కింది." బీరమ్మ చాట పక్కన పెట్టి, కొత్త మనిషిని అప్పుడు పరకాయించి చూసింది. కస్తూరమ్మ గోడ పట్టుకుంది. "జీపు తాండూరు దిక్కు పోక బంట్వారం తొవ్వ పట్టింది, అదేందో సమజ్ కాలే. పోనీ గని, మీరెవరమ్మా? గంగవ్వకు ఏమైతరు?"